ఇసకలో నెక్క

నాను తెప్ప తోల్నేదు ఎప్పుడూ.
తట్ట మోసినాను, కాటా పట్టినాను.
బరంపురం బజార్లో ఒడియాలో బేరం, తెలుగులో నెక్క,
పావలా పొల్లు పోనివ్వను.
అందుకే గోపాల్‌పూర్ ఒడ్డున తెరసాపల పందెమంటే
బెహెరా బాబు గడియారం తెచ్చి నా సేతిలో ఎట్టీసినాడు.
"మౌసీ, నువ్వయితే అబద్దం ఆడవు" అన్నాడు.
సేపలమ్మే దానితో అనాల్సిన మాటేనా అది!

అయిదు దుంగల తెప్పలు తొమ్మిది,
మూడు దుంగలవి నాలుగు,
విశాఖపట్నం కుర్రాడు కిరీటి తెచ్చింది ఒకటి:
రెండు తెల్లటి డొల్లలు, మద్దిన గుడ్డ పరిసినట్టు.
"కటమరాన్" అన్నాడు దాని పేరు.
దానేసు పడీపడీ నవ్వినాడు.
"కట్టిన మానే గదరా! మా తాతలు కట్టిందే.
దేశాలమ్మట తిరిగి, ప్యాంటు తొడుక్కుని వచ్చినాది."

బెహెరా బాబు కాయితంలో బోటుకో అంకె.
ఆ తెల్లదానికి డెబ్బై అయిదు,
అయిదు దుంగలకి నూటపది,
మూడు దుంగలకి నూట ఇరవై అయిదు.
పట్టిన నిముసాల్ని నూటితో పెంచి
అంకెతో బాగిస్తే
బోటు బలం పోయి మనిసి బలం మిగుల్తాదట.
ఎండుసేపని తూసినట్టన్నమాట,
నీరు పోగా ఉన్నదే సరుకు.
"అంకెలు కట్టినోలు ఎవులు బాబూ?"
"నానే," అన్నాడు, గొడుగు కిందనుంచి.

లైటుహౌసుకి సూటిగా బోయా. సుట్టి రావాలి.
ముప్పై నిముసాలకి కిరీటి వచ్చీసి
కొబ్బరిబొండం తాగతన్నాడు.
అప్పుడు పడిపోనాది గాలి.
ముందొచ్చినోడికి గాలంతా,
ఎనకున్నోలికి తెడ్లు.
ఆ సంగతి ఏ గడిలో రాయాలో కాయితంలో నేదు.
దానేసుకి నలభైనాలుగు.
ఇసకలో పుల్లతో గీసినాను.
ఆడికి నలభై. ఈడికీ నలభై.
మళ్ళీ గీసినాను. నలభయ్యే.

"ఒకే రకం తెప్పల్లో సూడండి," అన్నాడు మాసేను,
"అక్కడ తేడా మనిసిదే గదా.
కానీ నా దుంగలు మూడ్రోజులై ఎండ సూడనేదు,
నీళ్ళు తాగి ఎనుబోతులయిపోనాయి.
అంకె దుంగకా, దుంగ తాగిన నీటికా?"
బెహెరా బాబు గొడుగు మార్సుకున్నాడు.

సరే, మార్సి తోలండన్నాను నలభయ్యోలిద్దర్నీ.
కిరీటిని మొదటి కెరటం ఇసకలో కూకోబెట్టినాది,
రెండోది తెప్పని ఆడి మీద కూకోబెట్టినాది.
మూడోసారి మోకాళ్ళ మీద, పళ్ళు బిగించి
దాటినాడు గుంటడు. దాటినాడు.
దానేసు గాలి అందుకున్నాడా, ఒక డొల్ల పైకి లేసినాది.
తాడు ఒదలాల్సినోడు బిగించీసినాడు.
ముప్పయ్యేళ్ళ సేతులు, ముప్పయ్యేళ్ళ అలవాటు!
బోర్లా పడినాది. కాకులు లేసిపోనాయి మా నవ్వులకి.

మా పోలయ్య వచ్చింది అప్పుడే.
ఎప్పుడూ ఆఖరే మనిసి.
కరుడు బయట తెప్ప నిలబెట్టి
కెరటాలు నెక్కెట్టుకుంటాడు.
ఇవతలోలు కేకలేస్తారు, తిడతారు, ఆడు రాడు.
నెమ్మదైన కెరటం ఏదో ఆడికి తెలుసు, దాని ఈపు మీద వస్తాడు.
ఆడి వల ఎప్పుడూ సంద్రం పాలవనేదు,
ఆడి తెప్ప మీద ఎక్కినోడు నడవకుండా ఇంటికి రానేదు.
ఇయ్యాల అరవై తొమ్మిది నిముసాలు.
ఎవుడిదో తెడ్డు కొట్టుకుపోతంటే తెచ్చినాడట.
బాగించినాను. యాభై అయిదు మీద సిల్లర.
మొగుడని సిల్లర కొట్టీనేదు.

కప్పు సగానికి కొయ్యలేం గదా, ఆర్నెల్లు ఒకలింట్లో,
ఆర్నెల్లు ఒకలింట్లో అన్నాడు బెహెరా బాబు.
కిరీటి వినటంనేదు.
పోలయ్య పక్కన గొంతుక్కూకుని
దుంగల కట్టు ఇప్పి కట్టి, ఇప్పి కడతన్నాడు.
"తాతా, తాడు పైనుంచా, కిందనుంచా?"
ఈయన మాటాడడు. సేతులు సూపిస్తాడు.

బస్సు కూత కూసినాది. తట్టలో సేపలు మెత్తబడతన్నాయి.
గడియారం ఇచ్చీసి పరిగెట్టినాను.
ఎనకనుంచి కేక, "మౌసీ! ఆపడం మర్సిపోనావు,
ఇది ఇంకా నడుస్తంది!"