ముప్పై ఒకటో చుక్క

ఆ సీసాలు కడిగింది నేను.
గాజువి కాదు, ప్లాస్టిక్‌వి.
ఫ్లోరిన్ గాజును కొరుకుతుందని
వచ్చిన కొత్తలో ఒక మేడమ్ చెప్పింది.
"మరి ఎముకనో?" అనడిగితే
నవ్వబోయి, నా మోకాళ్ల వంక చూసి
నవ్వడం మానుకుంది.

యాసిడ్‌తో ఒకసారి, డిస్టిల్డ్ నీళ్లతో మూడుసార్లు.
బోర్లించి ఆరబెడితే నూటిరవై సీసాలు
బంతి మొదలవక ముందు
పెళ్లి పందిట్లో గ్లాసుల్లా ఉన్నాయి.

ఈరోజు నెల్లూరి ఎండకు
మినీ బైపాసు తారు చెప్పుకు అంటుకుంటోంది.
సెమినార్ హాల్లో రెండు ఏసీల్లో ఒకటే పనిచేస్తోంది,
పోస్టర్లన్నీ దాని వైపే జరిగినాయి.

ముందు రొయ్యల వాళ్లు చెప్పారు,
ఇందుకూరుపేట గుంటల్లో
ఏ మందుకూ చావని సూక్ష్మజీవి గురించి.
జడ్జీ సారు ఆవులించాడు.
రొయ్యల సంగతి ఆయనకు తెలుసంట,
బావమరిదికి నాలుగెకరాలున్నాయంట.

తర్వాత మా పిల్లలు.
మా పిల్లలంటే నాకేమీ కారు.
రాత్రి తొమ్మిదింటి దాకా ల్యాబుకు తాళమెయ్యకుండా
స్టూలు మీద కూచుంది నేను,
మిషన్లో అంకె నిలబడే దాకా
వాళ్లు ఊపిరి బిగబడితే
ఫ్యాను ఆపింది నేను.
ఆ పాటి చుట్టరికం.

రహమతున్నీసా చేతిలో పాయింటరు,
అంటే మా స్టోర్‌రూమ్ కర్టెన్ కడ్డీ.
గిరిధర్ చొక్కాకు ఇంకా ధర చీటీ దారం.
దారా ఏసుకుమారి చివర నిలబడింది,
ఆ పిల్ల రెండేళ్లలో
నాతో మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

వేసవిలో వాళ్లు కనిగిరి అవతల
మా ఊరికే పోయినారు నమూనాలకు.
తిరునాళ్లకని నేనూ ఆడే ఉన్నా.
"పెంచలయ్యా, ఒక్కరు తక్కువయ్యారు"
అని నీసా నేల చూస్తా సీసా చాపింది.
నేను కడిగిన సీసా నాకే వచ్చింది.
తుమ్మచెట్ల వెనక్కి పోయి నింపి తెచ్చా.
పేరు ఎక్కడా రాయమని కాగితం చదివి,
సంతకం పెట్టించుకుని,
మార్కరుతో రాసినారు: ముప్పై ఒకటి.

ఇప్పుడు తెర మీద నూటిరవై చుక్కలు.
గీత పక్కన చీమల బారులా
ఒద్దికగా ఎక్కుతున్నాయి.
ఒక్కటి మాత్రం
మందను వదిలి గట్టెక్కిన పొట్టేలులా
పైన, ఒంటరిగా.

నా చేతిలో ట్రే, ట్రేలో పద్దెనిమిది కప్పులు.

"అదేందమ్మా అది, అవుట్‌లయరా?
తీసేస్తే గీత ఎంత చక్కగా వచ్చేదో!"

గిరిధర్ గొంతు సవరించుకున్నాడు, మాట రాలేదు.
నీసా చేతిలో కర్టెన్ కడ్డీ వణికింది.
ఏసుకుమారి అనింది:
"తియ్యం సార్.
మూడుసార్లు కొలిచాం, మూడుసార్లూ అంతే."
కాసేపాగి, ఎవరి వైపూ చూడకుండా,
"ఆ మనిషి పుట్టినకాడి నుంచీ
ఒకే బోరు నీళ్లు తాగుతున్నాడు సార్.
గీత కోసం తాగలేదు."

జడ్జీ ఏందో రాసుకున్నాడు.
టీ అందుకుని, చక్కెర తక్కువన్నాడు.

ప్రైజు రొయ్యలకు వచ్చింది.
మా వాళ్లకు తలా ఒక సర్టిఫికెట్టు, తలా ఒక పెన్ను.
గిరిధర్ తన పెన్ను నా జేబులో పెట్టి
బస్సుకు పరిగెత్తాడు.

కుర్చీలు సర్ది, ల్యాబుకొచ్చి,
సింకు కింద నుంచి క్యాను లాగినా.
వారం వారం కనిగిరి బస్సులో
ఇంటి కాడ నుంచి తెచ్చుకుంటా.
తొమ్మిదేళ్లయినా పెన్న నీళ్లు నాకు చప్పగానే ఉంటాయి.
ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు.
సింకు తుడవను వంగినప్పుడల్లా
ఆ పిల్ల చూసే ఉంటుంది.

మూత తీసి
కడిగి ఆరబెట్టిన సీసా ఒకటి తీసుకుని
గొంతు దాకా నింపినా.
ట్యూబులైటుకు ఎదురు పెట్టి చూసినా.
తేటగా ఉన్నాయి నీళ్లు.
ఎంత తేటగా ఉన్నాయో.