రెండో పెట్టె

నెలకోసారి, మొదటి మంగళవారం,
ఆకుపచ్చ శిలువ దీపం వెలిగించి
నేను షట్టరు పైకెత్తేసరికే
గుమ్మం బయట ఎమ్రిస్ నిలబడి ఉంటాడు.
పదకొండేళ్ల అలవాటు.

వేల్స్ కొండల్లో పలకరాయి చీల్చిన మనిషి.
నడుములో ఒక రాయి ఇంకా మిగిలిపోయిందంటాడు.
మా పోర్చుగీసులో అతనికి ఇరవై మాటలొచ్చు:
నాలుగు నొప్పివి, చాలావరకు చేపలవి,
ఒకటి మా అమ్మ నేర్పిన తిట్టు.

రెండు వేళ్లు చూపిస్తాడు.
ఒక పెట్టె తనకి, ఒకటి నెస్టాకి.
సొరుగు లాగి రెండూ బల్లమీద పెడతాను.
వాతావరణం గురించి ఇద్దరం కాసేపు అబద్ధాలాడుకుంటాం.
అంతే మా వైద్యం.

నిన్నటి నుంచి సొరుక్కి తాళం.
గోడమీద రాజధాని నుంచి వచ్చిన కాగితం.
నాలుగు మూలలా టేపు నేనే అంటించాను:
చీటీ లేనిదే ఆ మాత్రలు లేవు.
మనిషికి ఒక పెట్టె.
ఎవరి పెట్టెకి వాళ్లే రావాలి, కార్డుతో.

నిన్నంతా ఆ కాగితం తరఫున తిట్లు తిన్నాను.
పడవలకి రంగులేసే ఉక్రెయిన్ కుర్రాడు
చెయ్యి పైకెత్తి, భుజం ఎక్కడ ఆగిపోతుందో చూపించి,
ఇది చీటీ కాదా అన్నాడు.
ఒక డచ్చావిడ, మా ఊళ్లో అయితేనా, అని మొదలెట్టి
ఇప్పుడు మా ఊరు ఇదేగా, అని తనే ఆగిపోయింది.
కాగితానికి నోరుంటే బాగుండేది.
నాకున్నదొకటే, సాయంత్రానికి ఎండిపోయింది.

ఎమ్రిస్ మాత్రం చీటీతోనే వచ్చాడు.
కాఫీ కొట్లో ముందే విని
ఆరోగ్య కేంద్రంలో మూడు గంటలు కూర్చున్నాడట.
మనవరాలి వయసు డాక్టరమ్మ
పదికి నీ నొప్పి ఎంత అంటే
మా గనిలో టన్నుల్లో తప్ప చెప్పం అన్నాడట.
ఫోను దాన్ని ఏమని అనువదించిందో,
ఆవిడ ఎనిమిది అని రాసుకుంది.

ఒక పెట్టె ఇచ్చాను.
రెండో వేలు ఇంకా గాల్లోనే ఉంది.

"నెస్టా రావాలి," అన్నాను.
"రాలేదు."
"ఒంట్లో బాగాలేదా? చీటీ ఉంటే నేనే ఇంటికి తెచ్చి..."
"రాలేదు," అన్నాడు మళ్లీ,
ఆ ఇరవై మాటల్లో వెతుక్కుంటూ,
నొప్పి దగ్గర, చేపల దగ్గర, తిట్టు దగ్గర ఆగి ఆగి.
చివరికి తన భాషలోనే చెప్పాడు.
కిందటి అక్టోబరు.

క్రిస్మస్‌కి ఆవిడ చేసిందని కేకు తెచ్చావు కదా,
అనబోయి మింగేశాను.

లెక్కపెట్టడం నా వృత్తి.
తొమ్మిది నెలలు, తొమ్మిది పెట్టెలు, పెట్టెకి ఇరవై.
ఆ అంకె నా మోకాళ్లలోకి దిగింది.

"అవన్నీ ఎక్కడ?"
"మంచానికి ఆవిడ వైపు. సొరుగులో.
ఒక్కటే అడిగితే, రెండోది వద్దా అంటావు కదా నువ్వు."

బుధవారం చేపల సంచిలో వేసుకొచ్చాడు.
ఎనిమిదింటికి సీలు చెక్కుచెదరలేదు.
తొమ్మిదోది తెరిచి ఉంది.
బల్లమీద ఒంపాను. ఇరవై.
మళ్లీ లెక్కపెట్టాను. ఇరవై.
అతను తూకం యంత్రం వైపు చూస్తూ నిలబడ్డాడు.
నేనూ ఏమీ అడగలేదు.

సంచి అడుగున ఒక ఖాళీ పెట్టె, బాగా పాతది,
మూతమీద నీలం పెన్నుతో నెస్టా రాసుకున్న వేళలు.
దాన్ని మాత్రం వెనక్కి తీసుకుని
చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

గోడమీద కాగితం ఒక మూల ఊడింది.
బొటనవేలితో నొక్కి అంటించాను.
దాని మీద కోపం పోలేదు.
దానికి దండం పెట్టాలనీ ఉంది.
రెండూ ఒకే నోట్లో, ఒకే చేదు.

సెప్టెంబరు మొదటి మంగళవారం
గుమ్మంలో ఎమ్రిస్.
ఒక వేలు చూపించాడు,
రెండోదాన్ని పక్క చేత్తో పట్టుకుని.
అతని వెనక ఉక్రెయిన్ కుర్రాడు,
చీటీ లేకుండానే,
పనిచేసే చేత్తో
తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు.