రెండు బరువులు

నలభై రెండు టిక్కీల తేజ కాయలు.
చీటీ మీద మాత్రం, బరువు: సున్నా.
"గాలి మూటగట్టి తెచ్చానా అబ్బాయా?"
కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునే నవ్వింది మస్తాన్‌బీ.
వెనక వరసలో రైతులూ నవ్వారు.
తమ చీటీలు చూసుకున్నాక ఎవరూ నవ్వలేదు.

గుంటూరు యార్డు ఘాటుకి తుమ్ముతూ
రాత్రి పదకొండింటి దాకా
నా రాతలో నేనే వెతుక్కున్నాను.
'సరుకు' అనే క్లాసులో బరువు ఉంది,
రెండేళ్ల కిందట నేను పెట్టిందే.
దాని కడుపున పుట్టిన 'మిర్చి'లో
మొన్న ఆదరాబాదరాగా
మళ్లీ బరువు అనే రాశాను.
కాటా వెళ్లి తల్లి ఒడిలో పోసింది.
చీటీ వచ్చి పిల్లనడిగింది.
పిల్ల దోసిట్లో ఏముంటుంది?

తప్పని ఎవరూ అరవలేదు.
కంపైలరు ఓ పసుప్పచ్చ గీత గీసి ఊరుకుంది,
పెళ్లిలో మూల కుర్చీలో కూర్చున్న మేనత్తలా.
ఒకసారే చెప్పింది. నేను వినలేదు.

'బరువు2' అని పెట్టేద్దాం సార్, అన్నాడు మా కోటిలింగం.
ఒకటి ఏదో రెండు ఏదో
వచ్చే కారు నాటికి నాకే గుర్తుండదు.

ఆటో ఎక్కి "నాలుగో లైను" అన్నాను.
తీసుకెళ్లి అరండల్‌పేటలో దించాడు.
నేనుండేది బ్రాడీపేట.
అతని తప్పేముంది,
తనకి దగ్గరున్న నాలుగుకి తీసుకెళ్లాడు.
పేట పేరు మింగింది నేను.

పట్టాల ఇవతలికి నడిచొస్తూ పేర్లు పెట్టుకున్నాను:
కాటాబరువు.
నికరబరువు.
వేళ్లకి కాస్త పని ఎక్కువ. పోనీ.

తెల్లారి కొత్త చీటీ.
మస్తాన్‌బీకి చదువు రాదు.
రెండు మాటల పొడవూ వేలితో కొలిచి చూసింది.
"ఇదేంది?"
"కాటా చెప్పింది."
"ఇదీ?"
"నీకు లెక్కగట్టేది."
ఆ వేలు రెండంకెల నడుమ
తెల్లకాగితం మీద ఆగింది.
"మరి ఈ మధ్యలో పోయినదానికి
పేరు పెట్టలా?"

వెనక వరస ఒక అడుగు ముందుకి జరిగింది.
తెర మీద కర్సరు
రెప్ప కొడుతూనే ఉంది.