ఆలస్యానికి జరిమానా

కొత్తరోడ్డులో సైకిల్ షాపు మేడమెట్ల కింద
అప్పలకొండ అద్దె పుస్తకాల కొట్టు.
రోజుకి పావలా.
ఆలస్యమైతే డబ్బు అడిగేవాడు కాదు,
హంతకుడి పేరు చెప్పేసేవాడు.

నాకు పదకొండేళ్లు.
తట్టు పోసి తొమ్మిది రోజులు మంచం దిగలేదు.
ఇంకా యాభై పేజీలున్నాయి, ఒక్క రోజు ఆగమని
పుస్తకం గుండెలకి అదుముకుని వెళితే
బీడీ చెవి మీద పెట్టుకుని నవ్వాడు:
"ఏటే పాప, తొమ్మిది రోజులా?
చంపినది పియానో పంతులమ్మే. ఎల్లు."

ఆ యాభై పేజీలు మళ్లీ ముట్టుకోలేదు.

ఇప్పుడు ఓడల ఏజెంటు ఆఫీసులో గుమస్తాని.
కయావో నుంచి వచ్చిన ఓడలో ఇంజనీరు, ఎఫ్రాయీన్,
మంచినీళ్ల బిల్లు మీద సంతకం పెట్టి
సగం అట్ట ఊడిన పుస్తకం నా బల్ల మీద మరిచిపోయాడు.
బొమ్మ చూడగానే పోల్చుకున్నాను.
పియానో, దాని మీద ఒంటరి చేతి తొడుగు.
అదే కథ. స్పానిష్‌లో.
అంతే, నలభై నాలుగో ఏట నిఘంటువు కొన్నాను.

వారానికి మూడు పేజీలు.
పాతపోస్టాఫీసు వైపు కిటికీ తెరిస్తే
రేవు బొగ్గు ధూళి వచ్చి కాగితం మీద కూర్చుంటుంది.
పేజీ పేజీకీ వేలిముద్రలు, అన్నీ నావే.
ఈ కేసులో నేనొక్కదాన్నే దొరికిపోయేది.

విషానికి మూడు పేర్లు వచ్చాయి నాకు.
వీలునామా, కొవ్వొత్తి, మెడ మీద గాటు వచ్చాయి.
"ఈ గదిలోంచి ఎవరూ కదలొద్దు" తప్పు లేకుండా అనగలను.
మొన్న ఇంకో ఓడ వంటవాడొచ్చి
సెబోయా, సెబోయా అని చేతులు తిప్పుతుంటే
ఎవరు పోయారో అని నా గుండె ఆగింది.
ఉల్లిపాయలట. రెండు బస్తాలు.

నియెబ్లా అంటే పొగమంచు.
పొద్దున్నే డాల్ఫిన్ నోస్ కనపడకపోతే
ఎవరో ఎత్తుకుపోయారన్నట్టు
ఆ మాటే వస్తోంది నోటికి.

నిన్న రాత్రి నూట నలభయ్యో పేజీలో తలుపు తెరుచుకుంది.
ఎంత్రో.
ఒకటే మాట. లోపలికి అడుగుపడిందని చెబుతుంది,
ఆ అడుగు ఆడదో మగదో చెప్పదు.
ముసుగు కొనక్కర్లేని భాష.

పైకి చదువుతూ తెలుగులో అనబోయాను.
వచ్చాడంటే అబద్ధం.
వచ్చారంటే హంతకురాలికి మర్యాద.
వచ్చింది అన్నానా,
నా నోట్లోంచి బీడీ కంపుతో అప్పలకొండ!

కానీ అప్పుడే గుర్తొచ్చింది
ఆ పావలా పుస్తకంలో ఆ చోట ఏముందో.
"నీడ ఒకటి లోపలికి వచ్చింది."
ఎవరో అనువాదకుడు, పేరు కూడా వేయలేదు,
ఎన్ని బీడీలు కాల్చాడో ఆ ఒక్క వాక్యానికి.
మన మాటలో ఆడదీ, పిల్లీ, గాలీ, నీడా
ఒకే క్రియ కట్టుకుని తిరుగుతాయి కదా.
పంతులమ్మ ఆ గుంపులో కలిసి
దర్జాగా నా ముందు నుంచే నడిచిపోయింది,
తట్టు జ్వరంలో నేను నీడనే చూశాను.

ఎంత్రో మీద పెన్సిల్‌తో ఏమీ రాయలేదు.
మిగతా మాటలన్నిటికీ నెత్తిన తెలుగు ఉంది,
దానికి లేదు.

పొద్దున ఫోను. కయావో ఓడ
ఔటర్ హార్బర్‌లో లంగరు వేసిందట.
ఎఫ్రాయీన్ పుస్తకం అడుగుతాడు.
లెక్కపెట్టుకున్నాను, పదకొండు నెలలు ఆలస్యం.
పేరు చెప్పేస్తానంటే చెప్పుకోనీ, అది పాతదే.
ఎందుకు చంపిందో, అది కావాలి నాకు.
ఇంకో నాలుగు నెలలు ఆగమని అడగాలి.
నాలుగు తెలుసు. నెలలు తెలుసు.
"దయచేసి" వెతకాలి,
నూట నలభై పేజీల్లో ఇంతవరకూ
ఎవరూ ఎవరితోనూ అనలేదు ఆ మాట.