పలుకుబడి

తొమ్మిది బి. ఇంగ్లీషు పరీక్ష, మూడో ప్రశ్న:
గొప్ప బలాన్ని, అధికారాన్ని చెప్పే పదబంధాలతో
సొంత వాక్యాలు రాయండి.
అయిదు మార్కులు.

చీమకుర్తిలో మధ్యాహ్నపు సైరన్ మోగింది.
కాసేపటికి రామతీర్థం వైపు నేల ఒకసారి దగ్గింది.
గ్లాసులో టీ వణికి సర్దుకున్నాక
ఎర్రపెన్ను మూత తీశాను.

హెవీవెయిట్ అంటే
లోడెక్కువైన లారీ అని రాశాడొకడు.
వేబ్రిడ్జి పక్కింటి పిల్లాడు,
అర మార్కిచ్చాను.
పుల్ స్ట్రింగ్స్ అనేసరికి
ముగ్గురు గాలిపటాలెగరేశారు,
ఒకే బెంచీ, ఒకే గాలి.
టవర్ ఆఫ్ స్ట్రెంగ్త్ అంటే సెల్‌టవరట,
దాని కింద నిలబడితేనే అమ్మ గొంతు వినపడుద్దట.
కొట్టెయ్యబోయి ఆగాను.

తర్వాతి పేపరు పల్లపు వెంగమాంబది.
మై ఫాదర్ మూవ్స్ మౌంటెన్స్,
సిక్స్ ఫిఫ్టీ పర్ డే.
మూవ్ చివర ఎస్ మర్చిపోలేదు,
క్లాసులో ఆ పిల్లొక్కతే.

నేను చెప్పిన పాఠం వేరు.
ఒక్క ఫోనుతో పర్మిట్టు తెప్పించేవాడికి
వాడాలమ్మా ఈ మాట, అన్నాను.
ఇందులో కొండంటే కొండ కాదు, అన్నాను.
పిల్లలంతా కిటికీలోంచి చూశారు.
నిజమే, అక్కడ కొండ లేదు.
పచ్చనీళ్ల గొయ్యి.

పోలయ్యను నేనెరుగుదును.
మీటింగుకొచ్చి కుర్చీలో కూర్చోలేదు,
ప్యాంటు నిండా దుమ్ము సార్, అన్నాడు.
వేలిముద్ర రెండుసార్లు వేసినా
గీతలు పడలేదు,
డ్రిల్లు ఎప్పుడో అరగదీసింది.
ఆయన కదిపిన కొండ
కృష్ణపట్నంలో ఓడెక్కి
ఎవరి వంటింట్లోనో గట్టయింది.
రేషను కార్డులో తప్పుపడ్డ ఆయన పేరు మాత్రం
మూడేళ్లుగా ఒక్క అక్షరం కదల్లేదు.

మన భాషలో
మాటతీరుకీ, మాట చెల్లడానికీ
పేరొకటే పెట్టారు, పలుకుబడి అని.
ఎందుకు కలిపారో,
మొదటిది ఉన్నవాళ్లకి రెండోది
ఎవరు విడదీసి దాచేశారో
ఏ నిఘంటువులోనూ దొరకలేదు నాకు.

ఒకటి వేశాను.
కొట్టేసి ఒకటిన్నర చేశాను.
పేపరు కట్టలో పెట్టి, మళ్లీ తీసి,
మార్జిన్లో ఏదో రాయబోతే
ఇంగ్లీషు రాలేదు.

సాయంత్రం ఒంగోలు రోడ్డు మీద
నా బండి ముందు గ్రానైటు లారీ.
గొలుసులేసి కట్టిన ఒకే ఒక్క రాయి,
దాని నడుమ తెల్లపెయింటుతో
ఎవరో వేసిన అంకె.
ఊరు దాటేదాకా దాని వెనకే పోయాను.
హారన్ కొట్టలేదు.