రసీదు చూపినవారికి

నల్లటి తెరమీద ఒక తాళం బొమ్మ,
దాని కింద ఖాళీ గడి.
విండోస్ కంటే ముందే లేచి
గేటు దగ్గర కుర్చీ వేసుక్కూర్చున్న వాచ్‌మన్ లాంటిది అది.
మూడుసార్లు తప్పు చెప్పాను.
నాలుగోసారి అడగలేదు,
ఓ పొడవాటి నంబరు చూపించి మొహం తిప్పుకుంది.

ఆ తాళం వేసింది నేనే.
చిక్కడపల్లిలో వాగ్దేవి డీటీపీ షట్టరు
ఆఖరిసారి దించిన రాత్రి.
ఎవరిమీద అనుమానమో ఇప్పుడు గుర్తులేదు,
అనుమానం మాత్రం గుర్తుంది.
తర్వాత నాలుగేళ్ళు
బియ్యం డబ్బా పక్కన పాత చీరముక్కలో పడుకుంది.

లోపల ఏముందంటే
పెళ్ళి కార్డులు, పెద్దకర్మ పత్రికలు,
కొన్ని ఇళ్ళవి రెండూ ఒకే ఏడాదివి,
ట్యూషన్ పాంప్లెట్లు,
ఇంకా
గిరాకీ లేని రాత్రుళ్ళు
ఒక్క ట్యూబులైటు కింద
అ నుంచి గీసుకుంటూ వచ్చి
ణ దగ్గర ఆగిపోయిన నా సొంత ఫాంటు.
దానికి పేరు కూడా పెట్టలేదు.

చెనాయ్ ట్రేడ్ సెంటర్, రెండో అంతస్తు,
లిఫ్టు పనిచేయని రోజు.
నవీద్ దాన్ని బోర్లా తిప్పి చూసి
"బిల్లున్నదా అక్కా?
దొంగ మాల్ బాగొస్తున్నది, పోలీసోళ్ళు అడుగుతరు" అన్నాడు.
బిల్లు లేదు. కొన్న దుకాణమే లేదు.
యంత్రానికి చెప్పినవే అతనికీ చెప్పాను:
పుట్టినరోజు, పిల్లి పేరు, షాపు ఫోన్ నంబరు.
ఇద్దరూ నమ్మలేదు.

అప్పుడు మూత ఎత్తి చూపించాను.
పనికి చేరిన ఝాన్సీకి నేర్పడానికి
బ్లేడుతో కోసి ప్రతి కీమీదా అంటించిన
గోరంత కాగితం అక్షరాలు,
పైన సెల్లోటేపు,
ర ఒక్కటే అరిగి మాయమైంది.
నవీద్ ఆ బోడి కీని బొటనవేలితో రుద్దాడు.
"దొంగోడు ఇంత మెహనత్ చెయ్యడు."

స్క్రూలన్నీ చాయ్ సాసర్లో పోశాడు.
బోర్డుమీద గోధుమగింజంత చిప్పు,
ఎనిమిది కాళ్ళు, పారిపోలేదు.
"పాస్‌వర్డ్ ఏందో చూసి చెప్తావా?"
"అది నాగ్గూడ కనవడదక్కా.
ఏం రాసిన్రో చదవం. తుడిచేస్తం, అంతే."
నా మాట నాకు చెప్పకుండానే పోతుందన్నమాట.
గొంతులో ఏదో అడ్డం పడింది.
"కానియ్యి" అన్నాను.

గంటాగి రమ్మని చీటీ చేతిలో పెట్టాడు.
కింద ఇరానీ హోటల్లో
చాయ్‌లో ఉస్మానియా ముంచుతూ
వృత్తిజబ్బు కొద్దీ చీటీలో తప్పులు వెతికాను.
అడుగున వంకర రబ్బరుముద్ర:
"రసీదు లేనిదే సామాను ఇవ్వబడదు."

బిస్కెట్టు విరిగి మునిగిపోయింది.
టేబులు గాజుమీద నా వేళ్ళు
నన్నడక్కుండానే కొట్టడం మొదలుపెట్టాయి.
షట్టరు దించేముందు నేను కంపోజ్ చేసిన చివరి కాగితం,
నా షాపుకే నేను అంటించింది:
అద్దెకు ఇవ్వబడును.
అందులో రెండో మాట.
తెలుగు వేళ్ళతో ఇంగ్లీషు కీలమీద కొడితే
ఏ భాషలోనూ చదవరాని చెత్త.
ఎవరు ఇస్తున్నారో చెప్పని ఆ క్రియ వెనకే
ఇన్నాళ్ళూ దాక్కున్నాను.

మెట్లెక్కి పరుగెత్తాను.
నవీద్ చివరి స్క్రూ బిగిస్తున్నాడు.
"అయిపాయె అక్కా."
తెర వెలిగింది. ఏమీ అడగలేదు.
జవాబు తెలిసొచ్చిన రోజే
ప్రశ్న రిటైరైపోయింది.

ఎనిమిదొందలిచ్చి ఫైలు తెరిచాను.
తలకట్టు ఉండకూడని ణ-కి
ఏ నిద్రమత్తులోనో
తలకట్టు పెట్టి ఉంచాను.
"కొత్త పాస్‌వర్డ్ పెట్టాల్నా?" అంటున్నాడు నవీద్.
"ఒక్క నిమిషం ఆగు" అని
కౌంటర్ దగ్గరే నిలబడి
దాన్ని తీసేస్తున్నాను.