ఏటో అనే గడి

కాశీబుగ్గ రైల్వే గేటు దాటాక
జీడి బట్టీల పొగ పక్కన, సొసైటీ మేడమీద గది.
పాత కంప్యూటరు దగ్గి దగ్గి లేచింది.
ఇరవై ఏడేళ్ల లెక్కలు దీన్లోంచి తీసి
హైదరాబాదులో కొత్త సర్వరుకి చేర్చాలి.
దీని మాట దానికి తెలీదు.

సరుకు తర్వాత. ముందు సంచుల కొలతలు వెళ్లాలి.
అందుకే ఎక్స్ఎమ్ఎల్‌లో స్కీమా రాస్తున్నాను:
ఏ గడిలో ఏముంటుంది, ఎంత పడుతుంది,
ఏది లేకపోతే ఒప్పుకోకూడదు.
తెరిచిన ప్రతి ట్యాగుకీ ఒక మూత.

పిక్క, అంకె. గుండు, అంకె. బద్ద, అంకె.
పేరుకి పన్నెండే ఇంగ్లీషు అక్షరాలు.
"దువ్వు అప్పల" దగ్గర తెగిపోయిన వాళ్లు ముగ్గురున్నారు.
నర్సమ్మో, కొండమ్మో, గడికి తెలీదు.
అరవైకి పెంచాను.
పెంచితే మాత్రం తెగిన తోక మొలుస్తుందా?

తిత్లీ తుపాను ఏడాది రెండు నెలలు ఖాళీ.
కొత్త సర్వరు దాన్ని సున్నా అనుకుంటుంది.
సున్నా అంటే పనికొచ్చి ఒక్క పిక్కా కొట్టలేదని.
ఖాళీ అంటే, రాసే మనిషే రాలేదు,
తోటలన్నీ నేల మీద పడుకున్నాయి.
ఖాళీగా ఉండొచ్చు అని ఒక ముక్క చేర్చాను.

ఆఖర్న ఒక గడి. పేరు "ఏటో".
లోపల రెండు, ఐదు, తొమ్మిది, ఒకచోట ఇరవై మూడు.
ఏ కాగితంలోనూ దాని ఊసు లేదు.
తీసేయండి మేడమ్ అన్నారు హైదరాబాదు వాళ్లు.
ఈ పట్టికలు కట్టిన సనపల కూర్మారావు గారు
మందసలో ఉన్నారని తెలిసి ఫోన్ చేశాను.

"ఓలమ్మా, అదింకా ఉండిపోనాదేటి?
జీడిసొన తగిలి చేతులు పుండ్లయిపోతే
ఆడోళ్లు పనికి రాలేని రోజులమ్మా అవి.
ఆ కాలానికి పేరెట్టనివ్వలేదు మేనేజరు.
ఏటో ఒకటని రాసీసినాను."

పేరు మార్చలేదు.
కింద వివరణలో ఆయన మాటే తెలుగులో పెట్టాను.
యంత్రం దాన్ని చదవదు, పక్కనుంచి వెళ్లిపోతుంది.
ఎప్పుడో ఎవరో ఇంకోచోటికి మోసేటప్పుడు
ఒకసారి ఆగుతారేమో.

నడిపి చూస్తే ఎర్రగీత.
రెండొందల పద్నాలుగో వరుసలో తప్పుందట.
మూత పెట్టనిది ఆ గడికే.

కర్సరు అక్కడికి తీసుకెళ్లి, కిటికీలోంచి చూశాను.
షిఫ్టు దిగిన వాళ్లు కుళాయి దగ్గర
చేతులకి బూడిద రాసి తోముకుంటున్నారు.